మెట్ల కింది ప్రింటర్

ఆ గోడౌన్‌లో మెట్ల కింది గది అంటే ఎవరికీ గిట్టదు. పగలైతే ఎలాగో ఊపిరి బిగబట్టుకుని వెళ్ళొస్తారు. చీకటి పడ్డాక మాత్రం... లారీ డ్రైవర్లు కూడా అటు తిరిగి సిగరెట్టు వెలిగించరట.

అందులో ఉన్నది ఒక ప్రింటర్. గేటు స్లిప్పులు కొట్టే మామూలు ప్రింటర్. నవ్వొస్తోంది కదా? నాకూ వచ్చింది. దెయ్యానికి ఇంతకన్నా మంచి కొంప దొరకలేదా అని మా వదినని ఏడిపించాను. వదిన నవ్వలేదు. అయినదానికీ కానిదానికీ పడీపడీ నవ్వే మనిషి నవ్వకపోయేసరికి నేను నోరు మూసుకుని విన్నాను. విన్నది విన్నట్టు చెబుతున్నాను, ఆపైన మీ ఇష్టం.

మా వదిన పని ప్రింటర్లని కలపడం. పెద్ద కంపెనీలకి ఎక్కడో ఒకచోట ఒక పెద్ద సిస్టమ్ ఉంటుంది. సరుకు, ఆర్డర్లు, బళ్ళు, అన్నీ దాని కడుపులోనే. ఇప్పుడు దానిమీద కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి పెడుతున్నారు. పై అంతస్తులో ఎవరో మీట నొక్కితే ఆ మాట సాఫ్ట్‌వేర్‌లోంచి పెద్ద సిస్టమ్‌కి వెళ్ళి, అక్కణ్ణించి సరైన గదిలో సరైన ప్రింటర్ మీద కాయితమై పడాలి. ఒకదాని మాట ఇంకోదానికి ఎక్కదు. మధ్యలో కూర్చుని నచ్చజెప్పేది వదిన. నచ్చజెప్పడం అని మర్యాదకి అన్నాను. నిజానికి ఆవిడ ప్రింటర్లని నోటికొచ్చినట్టు తిడుతుంది.

ఈ పని చేసేవాళ్ళందరికీ ఒక అలవాటుంది. కొత్తగా ప్రింటర్ని చేర్చేటప్పుడు అది ఎవరి పేరు మీద ఉండాలని సిస్టమ్ అడుగుతుంది. కంపెనీ పేరు పెట్టాలంటే నలుగురు పెద్దలు ఒప్పుకోవాలి. అంతదాకా ఎవరాగుతారు? "ముందు మన పేరు కొట్టేద్దాం, తర్వాత మారుద్దాం" అనుకుని సొంత పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత మారుద్దామన్న సంగతి మర్చిపోతారు. ప్రింటర్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ అడగరు.

ఆ గోడౌన్ ఇన్‌చార్జి ఉన్నాడే, వాడు మా వదినని రాచి రంపాన పెట్టాడు.

మా అన్నయ్యకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి, పాపని తీసుకుని ముందే వెళ్ళిపోయాడు. వదినకీ అక్కడ పని దొరికింది. కాకపోతే ఇక్కడి ఇన్‌చార్జి "ఈవిడ పని అయిపోయింది, వదిలేశాం" అని సంతకం పెడితేనే అక్కడివాళ్ళు చేర్చుకుంటారు. వాడు పెట్టడు. ఇవాళ ఆ ప్రింటర్ అంటాడు, రేపు ఈ ప్రింటర్ అంటాడు. మా పాప ఫోన్లో "అమ్మ ఎప్పుడొస్తావు" అని అడగడం మానేసింది. "మా అమ్మ రాదు" అని పక్కింటి వాళ్ళతో చెప్పడం మొదలుపెట్టింది. నాకైతే ఇప్పటికీ ఆ ఇన్‌చార్జి పేరెత్తితే ఒళ్ళు మండుతుంది.

చివరికి ఒకరోజు వాడే అన్నాడు.

"మెట్ల కింది ప్రింటర్ ఒక్కటీ మిగిలిందమ్మా. అది కొత్త సాఫ్ట్‌వేర్‌కి కలిపెయ్. పొద్దున్నే సంతకం పెట్టేస్తా."

ఆ ప్రింటర్ని పగలు ముట్టుకోనివ్వరు. దానిమీంచి స్లిప్పు వస్తేనే గేటు తెరుచుకుంటుంది. స్లిప్పు లేనిదే చీపురుపుల్ల కూడా బయటికి పోదు. అందుకని ఆఖరి లారీ వెళ్ళిపోయాక, రాత్రి, వదిన సామాను సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.

గేటు క్లర్కు తాళంచెవి పట్టుకుని వెంట వచ్చాడు. గుమ్మం దగ్గరికి రాగానే ఆగిపోయాడు.

"లోపలికి రారా?"

"రాను మేడం."

"ఏముందండీ లోపల?"

అతను వెనక్కోసారి చూసి గొంతు తగ్గించాడు. "మీకు ముందు ఈ పని చేసినాయన... గొణుగుడు సార్ అనేవాళ్ళం. పని చేస్తున్నంతసేపూ తనలో తను గొణుక్కునేవాడు. ఒకరాత్రి లోపలున్న కుర్చీలోనే గుండె ఆగిపోయింది."

"అయ్యో... ఎవరూ చూడలేదా?"

"ఎలా చూస్తాం మేడం? స్లిప్పులు గోడకున్న కంతలోంచి మా వైపు పడిపోతాయి. లోపలికి రావాల్సిన పని లేదు. ప్రింటర్ ఆయన పేరు మీద ఉంది. తెల్లారింది, లారీలు కదిలాయి, స్లిప్పులు వస్తూనే ఉన్నాయి... ప్రతిదాని కిందా ఆయన పేరు పడుతూనే ఉంది. సార్ లోపల ఉన్నాడనే అనుకున్నాం. మధ్యాహ్నం దాకా."

వదిన అప్పుడే వెనక్కి తిరిగి ఉండాల్సిందని నా బాధ.

"ఆ తర్వాత ఇద్దరొచ్చారు, పేరు మార్చడానికి," క్లర్కు ఇంకా గొంతు తగ్గించాడు. "ఇద్దరూ చెప్పులు వదిలేసి పరిగెత్తారు. మళ్ళీ ఈ చుట్టుపక్కల కనపళ్ళేదు. ఆయన ఒప్పుకోడు మేడం..."

"ఒప్పుకోకపోతే నేనే ఒప్పిస్తాను. పొద్దున్నకల్లా నాకు సంతకం కావాలి," అని వదిన తలుపు నెట్టింది.

లోపల ట్యూబులైటు కాసేపు కొట్టుకుని వెలిగింది. మెట్ల వాలుకి తల వంచుకుని నిలబడాలి. కాలిన కాయితం లాంటి వాసన. ప్రింటర్ ముందు ఒక కుర్చీ— దాని సీటు నడుమ లోతుగా నొక్కుకుపోయి ఉంది. వదిన దాన్ని కాలితో పక్కకి నెట్టేసింది. కూర్చోలేదు.

కంతకి అట్టముక్క అడ్డం పెట్టింది, కాయితాలు తనవైపే పడేలా. లాప్‌టాప్ తెరిచింది. ఎవరి పేరు మీద అని సిస్టమ్ అడిగింది. తన పేరు కొట్టింది. ముందు పని కానీ, తర్వాత చూసుకుందాం అనుకుంది.

పరీక్షకి ఒక స్లిప్పు పంపింది. ప్రింటర్ కదిలింది. కాయితం జారింది.

కింద ఆయన పేరు.

పాతదేదో లోపల ఇరుక్కుని ఉంటుందిలే అనుకుని వదిన వరసలో ఉన్నవన్నీ తుడిచేసింది. ప్రింటర్ ఆపి మళ్ళీ వేసింది. ఇంకో స్లిప్పు పంపింది.

ఆయన పేరే.

"నీకు పోయేకాలం వచ్చిందే," అని ప్రింటర్ని తిట్టి, వెనక ఉన్న కేబుల్ పీకేసింది. ఇప్పుడిక ఎక్కణ్ణించీ ఏ మాటా దానికి అందదు. ఊపిరి తీసుకుని నిలబడింది.

ప్రింటర్ కదిలింది.

కేబుల్ వదిన చేతిలో ఉంది... ప్రింటర్ కొడుతూనే ఉంది. ఒకటి... ఇంకొకటి... అన్నీ ఖాళీ కాయితాలు, అడుగున ఆ ఒక్క పేరు.

అప్పుడు వినపడింది. వెనకనుంచి... చాలా దగ్గరగా. మాటలు తెలియడం లేదు. ఎవరో నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారు.

వదిన తిరిగి చూసింది. పక్కకి నెట్టేసిన కుర్చీ మళ్ళీ ప్రింటర్ ముందుకి వచ్చి ఉంది.

అక్కడితో నేనైతే గోడ దూకి పారిపోయేవాణ్ణి. మా వదిన మొండిఘటం. కేబుల్ మళ్ళీ పెట్టింది. తన పేరు మళ్ళీ కొట్టబోయింది. ప్రింటర్ మూత ఎగిరి ఆవిడ వేళ్ళ మీద పడింది. గోరు చితికి రక్తం వచ్చింది. లైటు ఆరిపోయింది. గొణుగుడు గట్టిపడింది— చెవి పక్కనే, కోపంగా, ఎడతెగకుండా.

చీకట్లో మరో కాయితం జారింది. వదిన లాప్‌టాప్ వెలుతురులో పట్టుకుని చూసింది.

అది గేటు స్లిప్పు. బండి నంబరు దగ్గర ఖాళీ. సరుకు అన్నచోట మా వదిన పేరు. ఎటు అన్నచోట— "బయటికి". అడుగున ఆయన పేరు.

"నన్నే పొమ్మంటావా?" వదిన అరిచింది. "నీ చావు నువ్వు చచ్చావు, నన్నెందుకయ్యా కాల్చుకు తింటావు? నా కూతురు దగ్గరికి పోవాలి నేను! వింటున్నావా? నా కూతురు దగ్గరికి!"

గొణుగుడు ఆగింది.



ఆ వెంటనే ప్రింటర్ పిచ్చెత్తినట్టు కొట్టడం మొదలుపెట్టింది. బయటికి... బయటికి... బయటికి... వదిన పేరుతో స్లిప్పులు గుట్టగా పడుతున్నాయి, కాళ్ళ మీద, కుర్చీ మీద, నేలంతా. ట్రేలో కాయితాలు అయిపోయేదాకా కొట్టింది. అయిపోయాక కూడా లోపలి చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

వదినకి భయం పోయి కసి పుట్టింది. అందిన స్లిప్పునల్లా చింపి పోగులు పెట్టింది. గోడకున్న స్విచ్చి ఆపి, మళ్ళీ వేసి, కొత్త కాయితాలు కుక్కి, రక్తం కారుతున్న వేలితోనే తన పేరు కొట్టి, అటు నుంచి ఏదీ అడ్డం రాకముందే ఎంటర్ నొక్కేసింది.

ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలినట్టయింది. తలుపు దానంతటదే తెరుచుకుంది, మెల్లిగా, ఎవరో బయటికి వెళుతున్నట్టు. లైటు వెలిగింది.

స్లిప్పు జారింది. కింద మా వదిన పేరు.

గెలిచాననుకుంది పాపం. కంతకి పెట్టిన అట్ట తీసేసి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తెల్లారేదాకా ఏడుస్తూ నవ్వుతూ గడిపింది. అన్నయ్యకి ఫోన్ చేసి బట్టలు సర్దుకుంటున్నానని కూడా చెప్పేసింది.

పొద్దున్న లారీలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. ఇన్‌చార్జి స్లిప్పు ఒకటి చేతిలో పట్టుకుని, టీ తాగుతూ కూర్చున్నాడు.

"సార్, సంతకం."

"పెడదాంలే. ఇది నీ పేరు మీద ఉందేమ్మా?"

"ఇప్పుడే మార్చేస్తాను సార్."

"బళ్ళు కదిలాక పేరు మార్చాలంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలమ్మా. అందాకా నిన్నెలా వదుల్తాం? రేపు స్లిప్పు ఆగితే మేం ఎవర్ని పిలవాలి?"

"ఎన్నాళ్ళు పడుతుంది సార్ వాళ్ళు ఒప్పుకోవడానికి?"

వాడు టీ అడుగుదాకా తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "గొణుగుడు సారు కూడా రోజూ ఇదే అడిగేవాడు," అన్నాడు.

వదిన సంతకం కోసం తెచ్చిన కాయితం వాడి ముందుకి జరిపింది.

"ఆయనా ఒక్క రాత్రి పనే అని వచ్చాడులే. అయినా ఇక్కడ నీకేం తక్కువ? కుర్చీ ఉంది, లైటుంది. వెళ్ళు, తర్వాతి లారీ స్లిప్పు సగంలో ఆగిందట."

అప్పుడు అర్థమైంది వదినకి. గొణుగుడు సార్ పేరు చెరిగి ఇంకెవరి పేరు పడినా ఆయన ఆ గదిలోంచి బయటపడేవాడు. అయినా ఎవరి పేరూ పడనివ్వలేదు. ముందొచ్చిన ఇద్దర్నీ చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా తరిమేశాడు. ఆ ఇద్దరూ ఇప్పుడెక్కడో తమ పిల్లలతో హాయిగా ఉండుంటారు. వదినని కూడా తరమబోయాడు, వేలు చితకగొట్టాడు, భయపెట్టాడు, కాయితాలు అయిపోయేదాకా బయటికి పొమ్మని బతిమాలాడు. ఆ గోడౌన్ మొత్తంలో ఆవిడ మేలు కోరినవాడు ఆయనొక్కడే. ఆయన్ని బయటికి పంపి, ఆ చోట్లోకి తనే వెళ్ళి కూర్చుంది మా వదిన.

ఆ రాత్రి వదిన మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళింది. ఈసారి తలుపు గడియ పెట్టుకుంది. కుర్చీలో కూర్చుంది. సీటు నొక్కు ఆవిడకి సరిగ్గా సరిపోయింది.

"సార్..." అంది మెల్లిగా. "ఉన్నారా?"

గొణుగుడు లేదు.

"తప్పయిపోయింది సార్. ఇంకొక్క స్లిప్పు ఇప్పించండి... ఈసారి చింపను. మా పాప మీద ఒట్టు. ఒక్కటి..."

చాలాసేపు అలాగే అడుగుతూ కూర్చుందట. ఒకే మాట, నోట్లో నోట్లో, మళ్ళీ మళ్ళీ.

ప్రింటర్ కదిలింది.

వదిన ఒక్క ఉదుటున లేచి, కాయితం కంతలోంచి జారిపోకముందే రెండు చేతులా పట్టుకుంది. ఆత్రంగా వెలుతురులో పెట్టి చూసింది...

ఏదో లారీ నంబరు. ఏదో సరుకు. అడుగున తన పేరు.

గోడకి అటువైపు నుంచి గేటు క్లర్కు కంతమీద వేళ్ళతో తట్టాడు. "లోపల ఎవరైనా ఉన్నారా? స్లిప్పు రాలేదు."