పరగడుపు బిళ్ళ

జీపు దూసుకుపోతోంది... వెనకే బైకు!

"సార్, వదలడం లేదు!" కానిస్టేబుల్ పద్మజ అరిచింది.

ఎస్సై దుర్గాశ్రీనివాస్ ఇంకా తొక్కాడు. జీపు చెరుకుపల్లి దాటింది.

పదిన్నరకి బాపట్ల కోర్టు. హత్యని కళ్ళారా చూసినవాడు ఒక్కడే... రేపల్లె కూలీ జకరయ్య. ఇప్పుడు పద్మజ పక్కన చెమటలు కక్కుతున్నాడు.

"ఏంటి బాబాయ్?"

"గ్యాసేనమ్మా... గుండెల్లోకి ఎగదన్నుతోంది."

గుండె ఆగిపోతున్నా గ్యాసే అంటారు ఇక్కడి జనం! పద్మజకి ఒళ్ళు మండింది. నాడి పట్టుకుంది.

గబగబా నాలుగు... ఆగింది. మళ్ళీ ఒకటి...

జకరయ్య వేళ్ళు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి.

"సార్, ఆస్పత్రికి తిప్పండి!"

"గ్యాసేనమ్మా! బాబాయ్, జేబులో ఇంకో డోసుందిగా... వేసేసుకో," అన్నాడు ఎస్సై.

జకరయ్య పొట్లం విప్పాడు. రెండు బిళ్ళలు. పద్మజే నీళ్ళ సీసా మూత తీసింది.

ఎదురుగా రోడ్డు మీద సగం దాకా ఆరబోసిన ధాన్యం! జీపు నెమ్మదించింది. బైకు పక్కకి వచ్చేసింది! హెల్మెట్ అద్దం లేచింది...

ఆడపిల్ల!

"నాన్నా, మింగొద్దు!"

రూబీ. జకరయ్య కూతురు. తెనాలిలో నర్సు.

"ఇంట్లో యాంటీబయాటిక్ ఖాళీ అట్ట చూశానండీ! రోజూ వేసుకునే అల్సర్ బిళ్ళతో అది కలిస్తే గుండె లయ తప్పుద్ది! ప్రాణం పోద్ది మేడం!"

పద్మజ బిళ్ళలు లాక్కుని బయటికి విసిరేసింది.

"ఎవరిచ్చారు బాబాయ్?"

"సారే... రాత్రి ఇచ్చి, పరగడుపునే వేసుకోమన్నారు."

జకరయ్య వేలు ముందు సీటు వైపు లేచింది!

కంచే చేను మేసింది.

కీచుమని బ్రేకు! దుర్గాశ్రీనివాస్ కిందికి దూకాడు. పిస్టల్ రూబీ మీదికి!

"సాక్షి మీద దాడి... ఎదురుకాల్పులు. ఇదే రాస్తావ్ పద్మజా!"

"రాయను!"

పద్మజ జీపు తలుపుని బలంగా తన్నింది. అది అతని మోచేతికి తగిలింది. పిస్టల్ ధాన్యంలో పడింది. పద్మజ దూకి అందుకుంది.

అతను నవ్వాడు. సీటు కిందనుంచి ఇనుప రాడ్డు లాగాడు.

"ఎస్సైని కాలుస్తావా? ఎవడు నమ్ముతాడే నిన్ను?"

రాడ్డు రూబీ తల మీదికి లేచింది...

"సాక్షి ఉన్నాడు సార్. బతికే ఉన్నాడు!"

ఢాం!