చౌడమ్మ పోగు

కొటారు కోటలో చౌడమ్మని నిలువునా గోడలో పెట్టి కట్టేసింది శాలివాహన శకం 1326లో. తారణ నామ సంవత్సరం, ఆశ్వయుజ మాసం. కట్టించింది కోట దొర. చూస్తూ నిలబడింది ఆవిడ మొగుడు.

మైలవరం దాటి కొండల వైపు రెండు కోసులు నడిస్తే వస్తుంది ఆ కోట. బురుజులు కూలిపోయాయి, గుర్రపుశాలలో నాగజెముడు మొలిచింది. చెక్కు చెదరనిది ఒక్కటే, ధాన్యం దాచిన కొటారు. పొద్దు వాలాక దాని పక్కనుంచి నడిచే మగాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు.

ఆ కొటారు గోడ మూడు వానలకి మూడుసార్లు కూలిందట. నేసే చెయ్యి ఒకటి లోపల ఉంటే గోడ నిలుస్తుందని ఎవడో పెద్దమనిషి సెలవిచ్చాడట. మగాళ్ళ చేతులు అన్నేసి ఉండగా అతగాడి కంటికి ఆడదాని చెయ్యే ఆనింది. గోడకి తెర నేయాలి, కొలత తీసుకురమ్మని నేతపని చేసే చౌడమ్మని రెండు పొరల గోడ మధ్య సందులోకి పంపారు. కొలతపోగు ఒక కొస ఆవిడ చేతిలో, రెండో కొస బయట మొగుడి చేతిలో. ఆవిడ వంగి కొలుస్తుండగానే రాళ్ళు పేర్చేశారు.

పోగు బయటికొచ్చే కన్నం మాత్రం మిగిలింది. రెండు వేళ్ళు పట్టేంత.

ఎనిమిది రోజులు లోపలి నుంచి పోగు లాగుతూనే ఉందట. తొమ్మిదో రోజు వదులైపోయింది. ఆ ఎనిమిది రోజులూ మొగుడు పోగు పట్టుకుని ఏడ్చాడని చెప్పి మన ముసలమ్మలు కళ్ళొత్తుకుంటారు. గడ్డపార పట్టుకున్నాడని మాత్రం ఎవరూ చెప్పరు.

అప్పట్నుంచీ కింద కొటారుపాలెంలో నేతవాళ్ళకి ఒక ఆనవాయితీ. ఇంట్లో మనిషి తప్పిపోతే, ఆ ఇంటి ఆడది పసుపు రాసిన పోగు తీసుకుని దీపాలు పెట్టాక ఒంటరిగా కోటకి వెళ్ళాలి. వెదురుపుల్లతో ఒక కొస కన్నంలోకి తోసి, రెండో కొస పక్కనున్న ఇనుప కడియానికి కట్టాలి. ఎనిమిదో రాత్రి వెళ్ళి విప్పుకుని రావాలి.

లోపలి నుంచి పోగు లాగితే — వదిలెయ్యాలి. పేరు పెట్టి పిలిస్తే — పలకకూడదు. చౌడమ్మ తన గొంతుతో పిలవదు. మనం ఎవరి కోసం కుమిలిపోతున్నామో వాళ్ళ గొంతుతో పిలుస్తుంది. పలికామా... తొమ్మిదో రోజుకి ఆవిడ పక్కన ఇంకొకరు.

ఇదంతా అరవై ఏళ్ళకోసారి వచ్చే తారణ నామ సంవత్సరం తొమ్మిదోసారి తిరిగి వచ్చేదాకా కథ. వచ్చింది — 1944లో.

*

యుద్ధం రోజులు. నూలుకి కంట్రోలు. కార్డు ఉన్నా నూలు లేదు. పాలెంలో మగ్గాలు గుంటల్లో సాలెగూళ్ళు పట్టి కూర్చున్నాయి. ఎప్పుడడిగినా "బెజవాడ నుంచి సరుకు దిగలేదు" అనేవాడు షావుకారు వీరభద్రయ్య. ఊరందరి కార్డులూ ఆయన పెట్టెలోనే ఉండేవి.

అక్టోబరు మూడో తారీఖు, మంగళవారం రాత్రి, వెంకటప్పయ్యకి షావుకారు దగ్గర్నుంచి కబురొచ్చింది. రెండు నెలలుగా మగ్గం ఎక్కని మనిషి. పైపంచె దులుపుకుంటూ లేచాడు.

"ఈ వేళప్పుడు ఏం పని?" అంది భార్య సుబ్బరత్నం.

"ఏదో మోత పని. నూలు ఇస్తానన్నాడే. తెల్లారేసరికి వచ్చేస్తా, నువ్వు కండెలు కడిగి పెట్టు."

నూలు చుట్టే కండెలు ఆమె కడిగింది. అవి ఆరాయి. బుధవారం గడిచింది, గురువారం గడిచింది. వెంకటప్పయ్య రాలేదు. వెళ్ళి షావుకారుని అడిగింది.

"పటమటలో కొట్టుకి బట్టల మూట ఇచ్చి పంపాను. అటే ఎటో పోయుంటాడు" అన్నాడు షావుకారు.

పక్కింటి బుల్లెమ్మ నోరు ఊరుకోదు. "మొగుడు నాలుగు రోజులు కనపడకపోతే ఏడుపెందుకే? పటమట దాకా వెళ్ళినవాడు సినిమా చూడకుండా వస్తాడా?" అంది. రత్నం మొహం చూశాక గొంతు తగ్గించింది. "...చౌడమ్మకి పోగు కట్టు. ఎలా కట్టాలో నీకు తెలుసుగా. పలక్కు. ఎవరు పిలిచినా పలక్కు."

ఆదివారం సాయంత్రం రత్నం పోగు కోసం షావుకారింటికే వెళ్ళింది. ఇంట్లో బార నూలు కూడా లేదు మరి. అరుగు మీద నూలు నిల్వలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు గారెలు తింటున్నాడు. బుధవారం పొద్దున దిగాడు, కదల్లేదు. షావుకారు పక్కనే కూర్చుని విసురుతున్నాడు.

"షావుకారు గారూ, ఒక్క పది బారల పోగు ఇప్పించండి. చౌడమ్మకి కడతాను."

విసనకర్ర ఆగింది.

"ఎందుకమ్మాయ్ ఆ మూఢనమ్మకాలు? రాత్రిపూట ఆడదానివి..."

"ఇవ్వకపోతే నా చీరంచు పీకి కట్టుకుంటాను. ఎలాగూ వెళ్తాను."

వీరభద్రయ్య విసనకర్ర కింద పెట్టాడు. లేచి లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఒక చేతిలో పోగు, ఇంకో చేతిలో దూది. దేవుడి గూట్లో వత్తులకి దాచిన దూది, నూనె వాసన వేస్తోంది.

"కన్నం దగ్గరికి చేరకముందే ఇది చెవుల్లో కుక్కుకో. గట్టిగా. చిన్నదానివి, మనసాగక పలుకుతావేమోనని నా భయం. కట్టిన వెంటనే వెనక్కి చూడకుండా వచ్చేయ్. నీ మంచికే చెబుతున్నా తల్లీ."

రత్నం కళ్ళనీళ్ళతో ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. అవును, పెట్టింది. ఇన్‌స్పెక్టరు ఇంకో గారె అందుకున్నాడు.

*

ఆ రాత్రి జల్లు పడుతోంది. కొటారు గోడ నల్లగా తడిసి నిలబడి ఉంది. రత్నం దూది కుక్కుకుంది. వాన చప్పుడు దూరమైపోయింది... తన ఊపిరి తప్ప ఏమీ లేదు.

లాంతరు కింద పెట్టి, వెదురుపుల్లతో కొస లోపలికి తోసింది. రెండు మూరల మందం గోడ. పుల్ల అవతలికి చేరింది. రెండో కొస కడియానికి కట్టబోయింది.

పోగు కదిలింది.

గాలి అనుకుంది. కానీ గాలి అలా లాగదు. ఒకటి... రెండు... మూడు. ఆగింది. మళ్ళీ ఒకటి... రెండు... మూడు.

నేత ఇళ్ళల్లో ఆ లాగు తెలియనివాళ్ళుండరు. వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించేటప్పుడు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు ఉంటారు. అరిస్తే వినపడదు. ఒకసారి లాగితే బిగించమని. రెండుసార్లయితే వదలమని. మూడుసార్లు — ఇటు రా, పోగు తెగింది.

పన్నెండేళ్ళుగా ఆ మూడు లాగులకి ఆమె గంజి చేతులతోనే పరుగెత్తింది. మూడోది కాస్త సాగదీసి లాగడం ఆయన అలవాటు. ఇదీ అలాగే సాగింది.

ఒక్క అడుగు ముందుకేసింది.

అప్పుడు దూదిలోంచి... కుండలో దూరిన గాలిలాగా...

"రత్నం..."

పలకబోయిన నోటిని రెండు చేతులతో మూసుకుంది. చౌడమ్మా, నువ్వూ నేతదానివేగా తల్లీ, నీకూ తెలుసు ఈ లాగు. నా మొగుడి చెయ్యి నీకెలా వచ్చింది? ఆ గొంతు నీకెలా వచ్చింది?

దూది ఇంకా లోపలికి నొక్కింది, నొప్పి పుట్టేదాకా. గొంతు ఇంకేదో అంటూనే ఉంది. మాటలు తెలియలేదు. కడియానికి మూడు ముడులు వేసి, లాంతరు అందుకుని తిరిగింది. వెనక చీకట్లో పోగు ఎగిరెగిరి పడుతోంది... ఆమె వెనక్కి చూడలేదు.

చెప్పినట్టే చేసింది. ఒక్కటి కూడా తప్పలేదు.

*

తర్వాత రోజుల్లో కోట పేరు ఇంకా చెడింది. మేకలు కాసే బసవయ్య పట్టపగలే గోడ మూలిగిందని మందని అటు తోలడం మానేశాడు. "పోగు లాగిందా? అయితే నీ మొగుడు ఎక్కడున్నా బతికే ఉన్నాడే" అంది బుల్లెమ్మ. రత్నం ఆ మాట పట్టుకుని వారం రోజులు అన్నం తింది.

పదిహేనో తారీఖు, ఆదివారం, ఇన్‌స్పెక్టరు పండగకి ఇంటికి ప్రయాణమయ్యాడు. మర్నాడు దీపావళి. షావుకారింటి ముందు సాయంత్రానికి రెండెడ్ల బళ్ళు వచ్చి నిలబడ్డాయి. అర్ధరాత్రి ఎక్కడికో వెళ్ళాలిట.

రత్నానికి అది ఎనిమిదో రాత్రి. పోగు విప్పుకోవడానికి వెళ్ళింది. ఈసారి దూది పెట్టుకోలేదు. పలికితే తీసుకుపోనీ అనుకుంది. మొగుడు రాని ఇంట్లో ఎవరి కోసం జాగ్రత్త పడాలి?

గోడ దగ్గర నిశ్శబ్దం. కీచురాళ్ళు కూడా లేవు.

పోగు పట్టుకుంది. తనే లాగింది — ఒకటి, రెండు, మూడు.

ఏమీ లేదు.

"ఏవండీ..." కన్నానికి నోరు ఆనించి గుసగుసగా అంది. "నేను పలికాను. తీసుకుపో చౌడమ్మా."

ఏమీ లేదు. కన్నంలోంచి వాసన వచ్చింది.

అప్పుడు ఏ నేతదీ చేయని పని చేసింది. పోగుని తన వైపుకి లాగింది. కాసేపు బరువుగా, తర్వాత తేలిగ్గా... బార తర్వాత బార వచ్చింది. లాంతరు వెలుగులో పసుపు పోగు మీద ఒక ముడి. జానెడు తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. ఆరు ముడులు.

మగ్గం మీద పొద్దు గూకాక నేతగాడు ఆ రోజు నేసిన దానికి అంచున వేసే గుర్తు ముడి అది. రోజుకి ఒకటి.

ఆరో ముడి దాటాక అతుకు. తెగిన పడుగు అతికినట్టు నున్నగా, కంటికి ఆనకుండా. అతుకు అవతల పసుపు పోగు కాదు. మూడు పేటల తెల్లటి పోగు, చెమటకి మాసింది. దాని మీద ఐదు ముడులు.

జంధ్యం. పాలెంలో నేత మగాళ్ళంతా వేసుకునేదే.

దెయ్యాలకి జంధ్యం ఉండదు. దెయ్యం జంధ్యాన్ని తాకలేదు. ఆ సంగతి పాలెంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. లోపలున్న మనిషికీ తెలుసు... తన పెళ్ళాం తనని దెయ్యమనుకుని వెళ్ళిపోయిందనీ తెలుసు. అందుకే మెడలోంచి తీసి ఆమె పోగుకి అతికాడు. ఒక్కసారి, ఒక్కసారి ఎవరైనా అటు నుంచి లాగి చూస్తారని.

*

రత్నం పరుగున వెళ్ళి లేపితే బసవయ్య గడ్డపార తెచ్చాడు. కొటారు వాకిలికి అడ్డంగా బయటినుంచి పేర్చిన రాళ్ళు పాతవి కావు, వాటి మీద నాచు కూడా పట్టలేదు. చౌడమ్మ గోడకి లోపలి పొర ఎప్పుడో రాలిపోయింది, కన్నం నేరుగా కొటారులోకే ఉంది. అక్కడ గోడ నిండా నూలు మూటలు. ఊరందరి కార్డుల నూలు. దాని మీదే ఉన్నాడు వెంకటప్పయ్య, కన్నం వైపు చెయ్యి చాపి. గోళ్ళు లేవు. పైకప్పు సందుల్లోంచి కారే వాన నీళ్ళకి దొప్పలా వంచిన అట్టముక్క పక్కనే ఉంది.

నూలు లేక మగ్గాలు పాడుబడ్డ ఊళ్ళో, నూలు మీద పడుకుని పోయాడు.

దీపావళి వెళ్ళిన రెండో రోజు చావడిలో పంచాయితీ. వీరభద్రయ్య అప్పటికే చెప్పాల్సింది చెప్పేసుకున్నాడు. వెంకటప్పయ్య దొంగ. షావుకారు గోదాములో నూలు కాజేసి కోటలో దాచాడు. మంగళవారం రాత్రి లోపలుండగా రాళ్ళు దొర్లాయి, భయంతో గుండె ఆగింది. కరణం వెంకటకృష్ణారావు కలం ముంచాడు.

రత్నం పోగు ఆయన ముందు పరిచింది. "లెక్కపెట్టండి. పదకొండు. బుధవారం నుంచి మొన్న శనివారం దాకా. ఇన్‌స్పెక్టరుకి భయపడి ఈ షావుకారు, నూలు మోస్తున్న మనిషి లోపలుండగానే వాకిలి మూయించాడు. తర్వాత తెలిసీ తియ్యలేదు."

"ముడులకి తారీఖులుంటాయా అమ్మా?" కరణం వేలు కూడా తగలనివ్వలేదు. మైల.

"నేతగాడి ముడికి ఉంటుంది." నూనె వాసన వేసే దూది ఉండ షావుకారు ఒళ్ళోకి విసిరింది. "దీనికీ ఉంది. ఆదివారం మీ దేవుడి గూట్లోంచి తీసి ఇచ్చారు. ఎందుకిచ్చారో ఇప్పుడు చెప్పండి."

వీరభద్రయ్య తొణకలేదు. చాలా మెత్తగా అన్నాడు.

"అంటే ఆదివారం నాటికి నీ మొగుడు బతికున్నాడంటావు. నిన్ను పిలిచాడంటావు. విని, మూడు ముడులు వేసి, ఇంటికొచ్చి పడుకున్నావంటావు. అదేగా? కరణం గారూ, అమ్మాయి చెప్పినట్టే రాసుకోండి. పెళ్ళాం విని వచ్చేసిందని."

చావడిలో మగాళ్ళందరూ ఆమె వైపు తిరిగారు. షావుకారు వైపు ఒక్కడూ తిరగలేదు.

రత్నం కరణం వైపు తిరిగింది.

"రాయండి" అంది. "విన్నాను. వచ్చేశాను. ఆదివారం రాత్రి అని రాయండి. నా పేరే రాయండి. తారీఖు మాత్రం సరిగ్గా రాయండి."

కరణం ఆమె వంకా, షావుకారు వంకా చూశాడు. నూలు గోదాముకి తిప్పి పంపమన్నాడు. పోగు మొన్నటి శవంతోపాటే కాల్చేయాల్సిందన్నాడు. పుస్తకం వైపు వంగాడు.

ఆ పుస్తకంలో ఇప్పటికీ ఉంది:

దేవాంగుల వెంకటప్పయ్య, వయసు ముప్పై ఆరు, కొటారుపాలెం. దొంగతనానికి వెళ్ళి గుండె ఆగి మరణం. మరణించిన తేదీ 1944 అక్టోబరు 3, మంగళవారం.