గోడ తాకిన గుండు

హారిక కంట్లోంచి డాక్టరు తీసిన తెల్లగుండు మీద ఎర్రటి చార ఉంది.

అది నెత్తురు కాదు. నెత్తురైతే కడిగినప్పుడే పోయేది. కాపుగొట్టాల తనిఖీ అధికారి కృపాకర్ ఆ గుండును పట్టకారుతో ఎత్తి, మొక్కజొన్న చేను గట్టు మీద నిలబడి ఎండకు తిప్పి చూశాడు.

"ఇది గొట్టం గోడను తాకింది," అన్నాడు.

ఎదురుగా ఉన్న ఇద్దరూ పాలిపోయారు. ఒకరు చేను యజమాని మనోజ్, హారిక భర్త. మరొకరు ఊళ్ళోని కాపుగొట్టాలన్నిటికీ మరమ్మతులు చేసే మేస్త్రీ భవిత.

పక్క చేలో 'టప్' మని చప్పుడైంది. ఓ కోతి కీచుమంటూ కంచె దూకి పారిపోయింది. ముగ్గురిలో ఒక్కరూ తల తిప్పలేదు. మంచెలెక్కి డబ్బాలు వాయించే కాలం పోయి ఒక తరం గడిచింది. ఇప్పుడు ప్రతి చేనుకూ, ప్రతి డాబాకూ ఇనుప స్తంభం మీద తెల్లగుండ్లు పేల్చే ఒక కాపుగొట్టం. దాని చూపుపెట్టె కోతిని, పందిని, మనిషిని వేరుచేసి గుర్తిస్తుంది. గుండు వెళ్ళే దారికి రెండు బారల లోపు మనిషి ఉంటే పేల్చదు.

ఆ రోజు హారిక అంతకన్నా దూరంగానే నిలబడి ఉంది. గుండు వంకర తిరిగి ఆమెను వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చింది.

"గొట్టం గుండుకన్నా వెంట్రుకంత వెడల్పు ఎక్కువ," అన్నాడు కృపాకర్, మనోజ్ వైపు తిరిగి. "ఆ సందులో గాలి పొరలా నిలుస్తుంది. గుండు ఆ పొర మీద తేలుతూ పోవాలి గానీ గోడకు తగలకూడదు. మొదట్లో ఒక రబ్బరు ముద్ద దాని నెత్తిన రాసుకుని వెనక్కి తిప్పుతుంది. ఆ తిరుగుడే దాన్ని తిన్నగా మోసుకుపోతుంది. చివర్లో పక్కకు ఏ చిన్న గరుకు తగిలినా తిరుగుడు ఒరిగిపోతుంది. అప్పుడిక స్పిన్నర్ వేసిన బంతే."

మనోజ్ తల ఊపాడు.

కృపాకర్ సన్నటి దీపం గొట్టంలోకి దించాడు. లోపల అద్దంలా మెరుస్తోంది. పనిచేసే గొట్టంలో రబ్బరు పొడి ఉండాలి. పొడి లేదంటే, ప్రమాదం తర్వాత ఎవరో తుడిచారు.

"భవితా, రబ్బరు సరిచూడటానికి ఏం పూస్తారు మీరు?"

"గుర్తుమైనం సారూ."

"ఏ రంగు?"

ఆమె గొంతు తగ్గింది. "ఎరుపు."

"దసరాకు ముందు ఈ గొట్టం మీరే విప్పారు. మైనం తుడవడం మరిచిపోయారు. ఇప్పుడొచ్చి తుడిచేశారు. అవునా?"

"కాదు సారూ! నేను తుడిచిన గొట్టంల చూస్కుంట కాటుక పెట్టుకోవచ్చు. ఊరంత అడుగుండ్రి. నేనెందుకు మరుస్త?"

"ఊరిని కాదు, గుండును అడిగాను. మీ అనుమతి కార్డు ఇవ్వండి. పోలీసు కేసు కూడా తప్పదు."

భవిత మెడలోని కార్డు తీసింది. "మనోజన్నా, నువ్వన్న చెప్పరాదే. ఆనాడు నీ ముంగటనే గద గొట్టం తుడిచి చూపించిన? హారిక వదినె గూడ ఉన్నది. భవిత చేతిపని మంచిదని నువ్వే అంటివి. ఈ కార్డు పోతె నేనేం పని చెయ్యాలె?"

మనోజ్ మొక్కజొన్న ఆకును చీలికలు చేస్తున్నాడు. కృపాకర్ చెయ్యి చాచాడు. భవిత కార్డును అతని అరచేతిలో పెట్టబోయింది.

"ఆ పిల్లను వదిలిపెట్టుండ్రి సారూ," అన్నాడు మనోజ్.

ఇద్దరూ అతనివైపు తిరిగారు.

"అది మైనం గాదు, కుంకుమ. నేనే పెట్టిన. దసరా నాడు ట్రాక్టరుకు పెట్టిన, మోటరుకు పెట్టిన. దీనికి పెట్టకుంట ఎట్లుంటం? ఇది ఉండబట్టే గద ఇంటిల్లిపాదీ కంటినిండ నిద్రపోతున్నం. చూపుపెట్టెకు పెడితె దానికి కనవడదని మూతికి పెట్టిన. తడి కుంకుమ, ఏలు లోపటికి జారింది.

"తెల్లారి అది రోజు లెక్కనే గురి కోసం కట్టిన దిండు మీదికి ఒక గుండు కొట్టి చూస్కున్నది. 'గురి తప్పుతోంది, గొట్టం తుడవండి' అని మొత్తుకున్నది. హారిక గుడ్డ తెచ్చింది. పండుగకు పెట్టిన బొట్టు తుడుస్తవా, బుద్ధున్నదా అని కసిరిన. 'సరే' మీట ఒత్తిన. సరే అంటె ఆ తప్పు సంగతి అది మరిచిపోతది గద సారూ. అంతల్నే కోతులొచ్చినయి.

"హారికను దవఖానల ఏసి వచ్చి, ఎవ్వలు చూడకముందే నేనే తుడిచిన. పండుగ బొట్టని అప్పుడు చెయ్యి ఆగలే. తప్పు ఈ పిల్ల మీద పడుతుంటె గూడ ఊకున్న.

"హారికకు అంత తెల్సు. గుడ్డ తెచ్చింది ఆమెనే గద. కన్ను పోయిందని డాక్టరు చెప్పినంక నా దిక్కు తిరిగి, తిన్నవా అని అడిగింది. నిన్న గూడ గదే అడిగింది. ఇంకొక్క మాట అంటలేదు సారూ."