గొట్టంలో పదకొండు మంది

"నీకు పిల్లల్లేరు కదా?" అని అడిగాడు పెద్దాయన.

"లేరు సార్."

"వెరీ గుడ్. ఈ మిషన్‌కి అదే క్వాలిఫికేషన్."

చప్పుడు లేకుండా నడుస్తాడని గూఢచారి శాఖలో అతన్ని పిల్లి అంటారు. పిల్లికి పిల్లల్లేరన్న జోకు ఆఫీసు క్యాంటీన్‌లో తొమ్మిదేళ్ళుగా తిరుగుతోంది. మొదటి ఏడాది పిల్లి కూడా నవ్వాడు.

పెద్దాయన ఫైలు తెరిచాడు. మన రాడార్ డిజైన్‌ని ఒక విదేశీ ముఠా గోరంత చిప్‌లోకి ఎక్కించింది. శుక్రవారం ఉదయం పదకొండూ ఇరవైకి అది ఒక సంతాన సాఫల్య కేంద్రం నుంచి బయల్దేరి దేశం దాటుతుంది. ఆ కేంద్రం నుంచి ద్రవ నైట్రోజన్ ట్యాంకుల్లో గడ్డకట్టించిన వీర్యం శాంపిళ్ళు విదేశాలకి వెళ్తుంటాయి. మూత తీస్తే పాడైపోతాయని కస్టమ్స్ వాళ్ళు ముట్టుకోరు.

"నువ్వు పేషెంటుగా వెళ్తావు. కవర్: టైల్స్ సేల్స్‌మన్. లోపల ల్యాబ్ ఇన్‌చార్జి మన మనిషే. కోడ్ నేమ్ మంచు. 'ఈసారి చలి ముందే వచ్చింది' అంటుంది. నువ్వేమంటావు?"

"'స్వెట్టర్ ఇంకా అల్లలేదు.'"

"కరెక్ట్. కానీ ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచు. మంచు కదా, వాలు ఎటుంటే అటు కరిగి పారుతుంది."

టేబుల్ మీదకి ఒక పెన్నూ, రెండు కాగితాలూ వచ్చాయి. ఆ పెన్ను ఫోటో తీస్తుంది, మాటలు రికార్డు చేస్తుంది, తాళం కూడా తీస్తుంది. రాయడం ఒక్కటే రాదు. అందుకని పిల్లి పెద్దాయన పెన్ను అడిగి తీసుకుని సంతకాలు చేశాడు. మొదటి కాగితంతో టైల్స్ సేల్స్‌మన్ పుడతాడు. రెండోదానితో చస్తాడు. 'ఈ పేరు మీదున్న సమస్తమూ ధ్వంసం చేయుటకు నా సమ్మతి.' తేదీ ఖాళీ. మిషన్ ముగిసిన క్షణాన పెద్దాయన తేదీ వేస్తాడు, గంటలోపు క్లియరెన్స్ వాళ్ళు గోనెసంచితో దిగుతారు. గుర్తింపు కార్డు, బట్టలు, చివరికి సగం వాడిన మాత్రల అట్ట కూడా మిగలదు. అది శాఖ రూలు.

కేంద్రంలో శాంపిల్ మాత్రం అసలుదే ఇవ్వాలి. పిల్లి ఇచ్చాడు. మర్నాడు ముసలి డాక్టర్ అతన్ని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాడు.

"చూడండి. ఇవి ఈదాలి. ఈదకుండా ఒకదాన్నొకటి పట్టుకుని ధర్నా చేస్తున్నాయి. ఈ గుండ్రటివి తెల్లకణాలు. సూక్ష్మజీవుల మీద కాల్పులకి వచ్చాయి. మధ్యలో పౌరులు పోతున్నారు. ఏ సూక్ష్మజీవో తేలడానికి కల్చర్‌కి పంపాను."

"మాది కల్చర్ ఉన్న కుటుంబమే డాక్టర్."

డాక్టర్ నవ్వలేదు. "ఇంతకుముందు మంట, జ్వరం, పొత్తికడుపులో నొప్పి?"

"వచ్చాయి."

"ఎన్నిసార్లు?"

పిల్లి లెక్కపెట్టాడు. రేవులో ఎలక్ట్రీషియన్‌గా ఉన్నప్పుడు ఒకసారి. హోటల్లో పియానో రిపేరు చేసేవాడిగా ఒకసారి. "ఏడు."

"యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేశారా?"

పిల్లి మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడు మారుపేర్ల మనుషులు, ఏడుగురు డాక్టర్లు, ఏడు చీటీలు. ప్రతిసారీ మూడో రోజో నాలుగో రోజో మిషన్ ముగిసేది. ఆ మనిషి బూడిదయ్యేవాడు, మాత్రలూ ఆ మనిషితోనే. కొత్త పేరుతో పాత జబ్బు గురించి ఏ డాక్టర్‌కి చెప్పగలడు?

"పూర్తి చేయలేదన్నమాట," అన్నాడు డాక్టర్. "మీరు మానేసినప్పుడల్లా అది ఇంకొంచెం మొండికేసింది. వీర్యం వచ్చే గొట్టాలు మచ్చకట్టి దాదాపు మూసుకుపోయాయి. అంతవరకే అయితే సూదితో లోపల్నించి తీద్దుం. కానీ వాపు వృషణాల దాకా పాకింది. కార్ఖానాయే కాలిపోతోందండీ. మందిస్తాను, సూక్ష్మజీవి చావొచ్చు. మచ్చ పోదు."

ఇరవై ఏళ్ళ సర్వీసులో పిల్లి ఏళ్ళ తరబడి నక్కి ఉండే స్లీపర్ ఏజెంట్లని చాలామందిని పట్టుకున్నాడు. ఈ సూక్ష్మజీవి అంత ఓపికైనవాణ్ణి చూడలేదు. తను ఏడు పేర్లు మార్చాడు. వాడు ఒక్కసారీ మార్చలేదు. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఇంత పేరున్నవాడికి కౌంట్ లేదు.

"రాత్రంతా వెతికితే కదిలేవి పదకొండు దొరికాయి," అన్నాడు డాక్టర్. "ఒక గొట్టంలో గడ్డకట్టించి దాచాను. మీ ఇంట్లోవాళ్ళ అండంలోకి ఒక్కోటీ ఎక్కించొచ్చు. జాగ్రత్త. ఇంకోసారి ఇవి కూడా దొరక్కపోవచ్చు."

పిల్లి భార్య వీధి చివర దుకాణంలో చేతి వాచీలు బాగుచేస్తుంది. ఆయన ఆఫీసు గురించి అడక్కూడదని పెళ్ళైన కొత్తలోనే నేర్చుకుంది. కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే అంతా విన్నది.

"పదకొండా? నాకు ఒక్కటి చాలండీ," అంది. పట్టకారులో ఉన్న చిన్న పళ్ళచక్రాన్ని వాచీలో దాని చోట కూర్చోబెట్టింది. "ఏ పేరు మీద దాచారు?"

పిల్లి జేబులోంచి టైల్స్ సేల్స్‌మన్ గుర్తింపు కార్డు తీసి చూశాడు.

"ఏవండీ. ఏ పేరు మీద?"

"మార్పించేస్తానే. రేపే."

గురువారం పొద్దున్నే డాక్టర్ గది ముందు నిలబడ్డాడు. అసలు గుర్తింపు కార్డు జేబులోంచి సగం బయటికొచ్చింది. అప్పుడే వెనక నుంచి ఓ గొంతు.

"ఈసారి చలి ముందే వచ్చింది."

మంచు. తెల్లకోటులో కూడా ఎవరైనా తిరిగి చూసే అందం. మాస్కు పైన కళ్ళు రెండూ నవ్వుతున్నాయి. ఆవిడ కార్డు చూస్తే ముఠాకి కబురు వెళ్తుందో లేదో తెలీదు. వెళ్తే చిప్ ఇంకో దారిన పోతుంది. పిల్లి కార్డుని లోపలికి తోశాడు. ఒక్కరోజే కదా.

"స్వెట్టర్ ఇంకా అల్లలేదు," అన్నాడు.

శుక్రవారం. పదకొండూ పదిహేడు. ట్రాలీ మీద ట్యాంకు, పక్కన కొరియర్.

"చిప్ ట్యాంకులోనే ఉంది," అని గుసగుసలాడింది మంచు. "మూత తియ్యి, త్వరగా."

పిల్లి చెయ్యి మూత మీదకి వెళ్ళింది. ఈ వారం గొట్టాలన్నీ అందులోనే పెట్టారు, తనదీ ఇంకా వేరు చేయలేదు. మంచు కంగారుగా కోటు జేబు తడుముకుంది. జేబు అంచున లిప్‌స్టిక్ గొట్టం మెరిసింది.

తలుపు మీద పెద్ద అక్షరాల్లో రాసుంది: ల్యాబ్‌లో సెంటు, లిప్‌స్టిక్ నిషేధం. ఆ వాసనలకి పిండాలు చచ్చిపోతాయట. ఇన్‌చార్జే రాయించిన బోర్డు.

పదకొండూ పంతొమ్మిది. లిప్‌స్టిక్ మంచు జేబులోంచి కొరియర్ అరచేతిలోకి జారుతుండగా పిల్లి ఆ చేతిని పట్టుకున్నాడు.

"పెదాలకి వేసుకోనిది జేబులో ఎందుకు మేడమ్?"

లిప్‌స్టిక్ అడుగు భాగం తిప్పితే చిప్ బయటపడింది. మంచు మాస్కు తీసింది. లిప్‌స్టిక్ లేని పెదాలే. "ట్యాంకు తెరుస్తావనుకున్నాను," అంది. "అందరూ తెరుస్తారు."

"అందులో నావాళ్ళున్నారు," అన్నాడు పిల్లి.

సంకెళ్ళు వేయించి, వాళ్ళని స్టేషన్‌లో అప్పగించి, అక్కడ వాంగ్మూలం రాసిచ్చి, అసలు కార్డు చేత్తో పట్టుకుని కేంద్రానికి పరిగెత్తుకొచ్చేసరికి పన్నెండూ పది. డాక్టర్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"మీ ఆఫీసు వాళ్ళు వచ్చి వెళ్ళారండీ. గోనెసంచితో. నేను ఒప్పుకోలేదు. సమ్మతి పత్రం చూపించారు." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "సంతకం మీదే."

పిల్లి ఇంకో శాంపిల్ ఇచ్చాడు. డాక్టర్ సాయంత్రం దాకా వెతికాడు. తర్వాత మైక్రోస్కోపు దీపం ఆర్పేశాడు.

ఇంట్లో భార్య ఆయన చెప్పులు విప్పిన తీరు చూసి, బాగుచేస్తున్న వాచీని మూతపెట్టి పక్కన పెట్టేసింది.

సోమవారం పెద్దాయన గదిలో కొత్త ఫైలు.

"పతకం ఇస్తారట. రహస్యంగా. ఇదిగో కొత్త కవర్: ఇద్దరు పిల్లల తండ్రి. ఫోటోలు లోపలున్నాయి. పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నాడికి నాలుగు. బట్టీ పట్టు."

పిల్లి ఫోటోలు చూశాడు. పెద్దదానికి ముందు పన్ను లేదు. పెద్దాయన పెన్ను తీసుకుని మొదటి కాగితం మీద సంతకం పెట్టి, ఆ పెన్ను తిరిగి ఇచ్చేశాడు. రెండో కాగితం ముందు తన జేబులోంచి ఇంకో పెన్ను తీశాడు. గీశాడు. మళ్ళీ గీశాడు.

"ఇంకు అయిపోయింది సార్," అన్నాడు.

ఆ పెన్నులో ఇంకు ఏనాడూ లేదని పెద్దాయనకి తెలుసు. దాన్ని ఇచ్చింది ఆయనే.