రెక్క కొసన ఆకుపచ్చ దారాలు

"ఒప్పుకున్నారు! మొదటి ఫ్లైట్ నాదే!"

హాంగర్ గుమ్మంలోంచే అరిచాడు టెస్ట్ పైలట్. నిచ్చెన మీద నిలబడి కొత్త యుద్ధవిమానం రెక్కకు, గాలి తీరు చూపించే ఊలు దారాలు అతికిస్తున్న అతని భార్య చేతిలోంచి టేపు జారిపోయింది. పెళ్లయి నెల కాలేదు. ఒకే రకం కప్పులు రెండు కొనుక్కున్న రోజు కూడా ఆమె ముఖం ఇలాగే వెలిగింది.

అతను నిచ్చెన ఎక్కబోయాడు.

"ఏమండీ, పాలు పొంగుతున్నాయి!"

టక్కున ఆగిపోయాడు. అది వాళ్లింటి చట్టం. కొత్త కాపురంలో రెండు గిన్నెలు మాడాక పెట్టుకున్నారు. ఆ మాట వినబడితే ఏ పనిలో ఉన్నా ఉన్నపళంగా ఆపెయ్యాలి.

"మెకానిక్‌లంతా మనల్నే చూస్తున్నారు. సాయంత్రం ఇంటికి రండి, హారతిస్తా" అందామె నవ్వాపుకుంటూ.

అతను వెళ్లిపోయాడు. కుడి రెక్క కొసన విడిగా బిగించిన ముక్క దగ్గరికి వచ్చేసరికి తెల్ల ఊలు అయిపోయింది. రూలు ప్రకారం అన్నీ తెల్లవే ఉండాలి. ఆమె హ్యాండ్‌బ్యాగ్ తీసి, మొగుడి స్వెటర్ కోసం కొన్న ఆకుపచ్చ ఊలు నాలుగు ముక్కలు కత్తిరించి అతికించేసింది. ఎవరు చూడొచ్చారు!

ఆమె దారాల టెక్నీషియన్‌గా చేరిన గూఢచారి. కోడ్ పేరు పిచ్చుక. ఆ సంగతి మొగుడికి కూడా తెలియదు.

కాఫీ మిషన్ దగ్గర ఒక రిపేరువాడు స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పడుతున్నాడు.

"చక్కెర తగ్గినట్టుందే?" అంది పిచ్చుక.

"చక్కెర కాదు, నమ్మకం."

కోడ్ కలిసింది. పెట్టుడు మీసం వెనక ఉన్నది చీఫ్. ఏజెంట్లందరికీ మామయ్య.

"రేపటి ఫ్లైట్‌ని కూల్చాలని విదేశీ ముఠా చూస్తోంది. విమానం పడితే ప్రాజెక్టు మూతపడుతుంది. ఇంధనంలో కల్తీ చేస్తారని మన డబుల్ ఏజెంట్ సమాచారం."

"ఎవరా ఏజెంట్?"

మామయ్య కళ్లతోనే చూపించాడు. పొడవాటి నల్ల ఊలు కోటు, నాలుగు గదుల అవతలికి కొట్టే సెంటు. ఏరోడైనమిక్స్ సలహాదారు డాక్టర్‌గారు. కోడ్ పేరు నెమలి.

"ఆవిణ్ణి నమ్మొచ్చా?"

"నేను మా ఆవిణ్ణే నమ్మను. కానీ నెమలి మాట ఇంతవరకూ తప్పలేదు."

"విమానంలో కూర్చునేది మా ఆయన, మామయ్యా."

"అందుకే నిన్ను ఇంటికి పంపేద్దామనుకున్నా."

"పంపి చూడండి!"

ఆమె తిరిగొచ్చేసరికి నెమలి రెక్క పక్కనే నిలబడి ఉంది.

"ఇలా వెనక్కి వాలిన రెక్క వేగంలో మహారాణి అమ్మాయ్. నెమ్మదిస్తేనే సతాయిస్తుంది. గాలి కొసలవైపు జారిపోయి, ముందు కొసే పట్టు తప్పుతుంది. అందుకే అక్కడ ముందంచుని గుండ్రంగా, కాస్త కిందికి వంచారు."

"పట్టు తప్పితే నా దారాలు చెప్తాయిగా?"

"చెప్తాయి. గాలి అంటిపెట్టుకుంటే బుద్ధిగా పడుకుంటాయి. వదిలేస్తే గింగిరాలు తిరుగుతాయి."

నెమలి నవ్వింది. చూపు మాత్రం కుడి కొస మీదే ఉంది. దారాలంటే అంత ముద్దు పుట్టే మనిషి కాదే ఈవిడ, అనుకుంది పిచ్చుక.

ఆ రాత్రి కాపలా అంతా ఇంధనం ట్యాంకర్ చుట్టూనే.

పొద్దున్న కంట్రోల్ రూమ్. విమానం రన్‌వే మీద కదిలింది. తోక మీది కెమెరా పంపే బొమ్మ తెర మీద కనబడుతోంది. దారాలన్నీ వరసగా, శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి.

అన్నీ తెల్లగానా?

పిచ్చుక తెర దగ్గరికి వంగింది. ఆకుపచ్చవి ఏవి? ఉత్త దారాలే మార్చాలంటే తననే పిలిచేవాళ్లు. ఎవరో కుడి కొస ఊడదీసి ఇంకోటి బిగించారు. దానికి రూలు పుస్తకం చూసి, ముందే పొల్లుపోకుండా తెల్ల దారాలు అతికించి ఉంచారు!

వేలికున్న కుట్టుతొడుగులోని బుల్లి మైక్‌లో "మామయ్యా, కుడి కొస మార్చేశారు!" అని గొణిగి, కంట్రోలర్ మీదికి ఉరికింది.

"ఆపండి! దారాల రంగు మారింది!"

"రంగు మారిందని ఫ్లైట్ ఆపుతారా తల్లీ?"

"పాపం, కొత్త పెళ్లికూతురు. భయపడుతోంది" అంది పక్కనుంచి నెమలి, తీయగా.

తెర మీద విమానం ముక్కు లేవబోతోంది. పిచ్చుక మైక్ లాక్కుంది.

"ఏమండీ! పాలు పొంగుతున్నాయి!"

ఇంజిన్ హోరు తగ్గింది. వెనక పారాచూట్ విచ్చుకుంది. రన్‌వే అయిపోయి గడ్డి మొదలయ్యే చోట విమానం నిలబడింది.

నెమలి తలుపు దాకా వెళ్లింది. తలుపు తానే తెరుచుకుంది. ఎదురుగా కాఫీ మిషన్ రిపేరువాడు, చేతిలో పిస్టల్.

"దారాలు ఊడితే నాదా నేరం?" అంది నెమలి.

పిచ్చుక దగ్గరికెళ్లి ఆ నల్లకోటు మోచేతి మడతలోంచి ఒక ఆకుపచ్చ పోగు లాగింది.

"ఊలుకి ఊలంటే ప్రాణం డాక్టర్‌గారూ. ఎంత దులిపినా ఒక పోగు మిగుల్తుంది."

కొస ఊడదీస్తే ముందంచు కత్తిలా పలచగా ఉంది. దిగేటప్పుడు నెమ్మదించగానే ఆ ఒక్క వైపే గాలి పట్టు తప్పేది. నేలకు దగ్గర్లో విమానం పక్కకు తిరగబడేది.

పైలట్ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. భార్యనీ, పిస్టల్ పట్టుకున్న రిపేరువాణ్నీ మార్చి మార్చి చూశాడు.

"దారాలు అతికించే అమ్మాయికి ఈయన ఏమవుతాడు?"

"మామయ్య."

"పెళ్లిలో కనబడలేదే?"

"వడ్డన ఈయనే చేశాడండీ. మిగతాది ఇంటికెళ్లాక చెప్తా."

మామయ్య మీసం సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. "సరైన కొస బిగిస్తారు. రేపు పొద్దున్నే మళ్లీ ఫ్లైట్. ఈసారి రూలు మార్చాం. రెండు రెక్కలకీ ఆకుపచ్చ దారాలే."

పిచ్చుక హ్యాండ్‌బ్యాగ్‌లోని ఊలు ఉండని చేత్తో తూచి చూసింది.

"ఏమండీ, మీ స్వెటర్‌కి ఒక్క చెయ్యి చాలా?"