కాగితం కాని పులి

కొరియా దేశంలో హేవోన్ అనే రాజ్యం ఉండేది. అక్కడ ఏటా వసంతంలో దీపాల పండుగ చేసేవారు. తామరపూలు, చేపలు, ఏనుగులు, ఒకటేమిటి, వెదురు బద్దలకు కాగితం అంటించి, లోపల దీపాలు పెట్టి, ఇళ్లంతేసి బొమ్మలను ఊరేగించేవారు. ఇసుక వేస్తే రాలనంత జనం! అయితే కొన్నేళ్లుగా పండుగకు వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రావడం లేదు. "జనంలో తప్పిపోయి ఉంటారు, వాళ్లే వస్తారు" అని రాజు చేతులు దులుపుకున్నాడు. ఏం రాజో ఏమో!

ఆ ఏడు బొరం అనే అమ్మాయి తన అన్న హన్‌సోల్ చేయి పట్టుకుని పండుగకు వచ్చింది. ఆమెకు అమ్మా నాన్నా అన్నీ అతడే. అప్పుడే మేడంత పులి ధగధగ వెలుగుతూ వచ్చింది. ఉన్నట్టుండి నాలుక చాచి, హన్‌సోల్‌ను చుట్టేసి గుటుక్కున మింగింది!

"ఆహా! కాగితంతో ఎంత బాగా చేశారో!" అంటూ జనం ఈలలు వేశారు.

"అది బొమ్మ కాదు! రాక్షసి! మా అన్నను మింగేసింది!" అని బొరం గొంతు చించుకుంది.

"నాటకంలో నువ్వూ ఉన్నావా పాపా? బాగా ఏడుస్తున్నావే!" అని ఒక పెద్దాయన నవ్వాడు.

బొరానికి ఒళ్లు మండిపోయింది. పక్కనున్న భటుడి బరిసె లాక్కుని పులి డొక్కలో పొడిచింది. పులి కడుపులోని మంటకు బరిసె మైనంలా కరిగిపోయింది. తోకతో అది కొట్టిన దెబ్బకు బొరం ఎగిరి, కోట వాకిట ఉన్న రాతిమృగం మీద పడింది. ఆమె పక్కటెముకలు విరిగి నెత్తురు కారింది.

అది నిప్పును తినే హేతే మృగం. నెత్తురు తగలగానే కళ్లు తెరిచింది. బొరం సంగతంతా చెప్పింది.

"అది మింగినవాళ్లను కాల్చదు, కడుపులోనే దాచుకుంటుంది. దాని బలమంతా ఆ నిప్పే" అంది హేతే. "నా కోర ఆ నిప్పును తాగేస్తుంది. కానీ ఊడబెరికితే నొప్పికి ఆగలేను, కరుస్తాను. తర్వాత చెప్పలేదనకు!"

"కరుచుకో తాతా!" అని బొరం దాని నోట్లో చేయి పెట్టి కోరను పెరికేసింది. దవడలు టక్కున మూసుకున్నాయి. రెండు వేళ్లు తెగిపోయాయి. కెవ్వున అరిచి, చేతికి గుడ్డ చుట్టుకుని పరుగెత్తింది.

జనం భుజాల మీదా తలల మీదా తొక్కుకుంటూ వెళ్లి, పులి నోట్లోకి దూకింది. దాని పళ్లు వీపును చీల్చేశాయి. గొంతులోంచి జారుతూ కోరను మంటలో గుచ్చింది. నిప్పు బుస్సుమని ఆరిపోయింది. అదే కోరతో లోపలి నుంచి పొట్టను నిలువునా చీల్చింది. నల్లటి నెత్తురు వీధంతా పారింది. పులి గర్జిస్తూ అంగళ్ల మీద కూలింది.

అయినా చప్పట్లు ఆగలేదు! రాజుగారు మేడ మీద లేచి నిలబడి మరీ కొడుతున్నాడు.

నెత్తుట్లో తడిసిన బొరం చీలికలోంచి తల బయటపెట్టి, "చప్పట్లు ఆపండ్రా! లోపల మనుషులున్నారు, లాగండి!" అని అరిచింది.

వెచ్చటి నెత్తురు పాదాలకు తగిలేసరికి అది బొమ్మ కాదని జనానికి అప్పటికి తెలిసింది. చప్పట్లు కొట్టిన చేతులే ఒక్కసారిగా లోపలికి దూరాయి. తప్పిపోయారనుకున్నవాళ్లు ఒక్కొక్కరే ప్రాణాలతో బయటపడ్డారు. హన్‌సోల్ అందరికన్నా చివర వచ్చాడు. అతడికి ఊపిరి ఆడటం లేదు.

"లే అన్నా! నన్నొక్కదాన్నే వదిలేస్తావా?" అంటూ బొరం అతడి గుండెల మీద గుద్దింది. ఆపకుండా గుద్దింది.

"అబ్బా, చంపేస్తావా ఏమిటే!" అని దగ్గుతూ లేచాడు అన్న. బొరం అతడిని వాటేసుకుని భోరుమంది.

రాజు పరుగున వచ్చి, "తల్లీ, మా యువరాజును పెళ్లాడు. అర్ధరాజ్యం ఇస్తాను" అన్నాడు.

"మీ యువరాజు కూడా చప్పట్లు కొట్టాడు, చూశాను. పెళ్లి వద్దు, రాజ్యం ఇవ్వండి" అంది బొరం.

రాజు తల వంచుకుని ఇచ్చాడు. బొరం చాలాకాలం రాజ్యమేలింది. ఆమె ఏలుబడిలో ఒక్క పిల్ల గొంతు చించుకుని అరిచినా, ఎంత పెద్ద ఊరేగింపైనా ఆగిపోయేది. ముందు ఆ పిల్ల చెప్పేది వినేవారు.