కాల్‌మేన్‌కి మాత్రమే మొరగాలి

"ఏవండీ, ముందు మీ కుక్కని నా పేంటు ఒగ్గమనండి. తిట్టడం ఆనక తిడుదురు గాని."

త్రిపురసుందరికి అంత ఓపిక లేదు. మిట్టమధ్యాహ్నం, వాన. లోపల నాన్న రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడు. గేటు దగ్గర ఎవరో కొత్త మనిషి ఒక చేత్తో సైకిలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతున్నాడు. రెండో కాలి పేంటు అంచు కుక్కపిల్ల నోట్లో ఉంది. నోట్లో గుడ్డ పెట్టుకుని కూడా అది మొరుగుతూనే ఉంది, అంత ఘనమైన గొంతు దానిది.

"మెల్లిగా మాట్లాడండి! ఈ లైన్లో పగలు ఎవరూ అరవరు. తెలీదేటి?"

"అరిసినందుకే కదండీ నాకు జీతం. కొత్త కాల్‌మేన్‌ని, లక్ష్మీపతి నా పేరు. గార్డు అచ్యుతరావుగారికి కాల్ తెచ్చినాను."

ఖరగ్‌పూర్‌లో గూడ్సు బండికి టైమంటూ ఉండదు. తయారైనప్పుడు బయల్దేరుతుంది. అందుకని గార్డునీ డ్రైవరునీ ఇంటికెళ్ళి పిలుచుకురావడానికి ఒక మనిషి ఉంటాడు. సైకిలు మీద వస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోతాడు. ఆ పిలుపే కాల్. రాత్రి బండెక్కినవాళ్ళంతా పగలు పడుకుంటారు కాబట్టి ఆ క్వార్టర్ల లైన్లో పగలే రాత్రి. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు వేలాడతాయి. కూరలవాడు కేకెయ్యడు. పిల్లలు గోళీలాడినా గోనెసంచి పరుచుకుని ఆడతారు.

అలాంటి లైన్లోకి కుక్కపిల్లని తెస్తారా ఎవరైనా? అచ్యుతరావు తెచ్చాడు. ఝార్‌గ్రామ్‌లో బండి ఆగినప్పుడు అది బండి చివర గార్డు ఉండే బ్రేక్‌వేనెక్కి ఆయన పెట్టె మీద పడుకుందట. టికెట్టు లేకుండా వచ్చిందని టికెట్టని పేరు పెట్టాడు. ఎందుకు తెచ్చారు నాన్నా అంటే, "ఇల్లు మరీ సద్దు లేకుండా ఉందమ్మీ" అన్నాడు. అమ్మ పోయి అప్పటికి ఆరు నెలలు కాలేదు. త్రిపురసుందరి మరో మాట అడగలేకపోయింది.

పక్కింటి డ్రైవరు విల్‌ఫ్రెడ్ మాత్రం అడిగాడు. కళ్ళు ఎర్రగా చేసుకుని గోడ మీంచి తల పెట్టాడు. "అరే త్రిపురా బేటీ, నీ కుక్క నోరు మూస్తాదా, ఊరు ఒగ్గుతాదా? ఏదో ఒకటి తేల్చు. ఠీక్ హై?"

కుక్క సంగతి ఒక్కటే అయితే త్రిపురసుందరికి అంత దిగులుండేది కాదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ కాల్ వస్తే అమ్మే లేపేది. భుజం మీద చెయ్యి వేసి, "ఏవండీ, బండొచ్చింది" అనేది. ఆయన లేచేవాడు. అమ్మ పోయాక ఒకరోజు త్రిపురసుందరి బడిలో పాఠం చెబుతుండగా కాల్ వచ్చింది. అప్పటి ముసలి కాల్‌మేన్ పిలిచి పిలిచి వెళ్ళిపోయాడు. అచ్యుతరావు లేవలేదు. బండి గార్డు లేక నిలబడిపోయింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే బండి దింపేసి ఏదో మూలస్టేషనుకు పంపుతామని పైవాళ్ళు తెగేసి చెప్పారు.

అప్పటి నుంచి ఆమె ఒకటే నిశ్చయించుకుంది. పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. తను పోతే నాన్నని లేపేదెవరు? బడిలో ఉన్నంతసేపూ ప్రాణం ఇంటి గేటు దగ్గరే ఉండేది.

ఇదంతా ఆ కొత్త మనిషికి ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. నాన్న సంతకం పెట్టి తయారవడానికి లోపలికి వెళ్ళాక వాన తగ్గేదాకా ఆగమంది, అంతే. లక్ష్మీపతి చిరిగిన పేంటు అంచు చూసుకుంటూ విన్నాడు.

"మీరు బడికెల్తే ఇంట్లో ఉండేది ఇదే కదండీ? మరి దీనికే నేర్పేద్దాం. నన్ను సూస్తే మొరగాల. మరెవుర్ని సూసినా నోరు మూసుకోవాల."

"కుక్కకి నేర్పడం మీకు తెలుసా?"

"నాకేటి తెల్సు! మా ఇంట్లో కోడిపెట్ట కూడా నా మాట ఇనదు."

మొరగడం నేర్పాలంటే దాన్ని మొరగనివ్వాలి. లైన్లో మొరగనిస్తే విల్‌ఫ్రెడ్ ఊరుకోడు. అందుకని సాయంత్రాలు ఝపటాపూర్ పేట దాటాక ఖాళీ జాగాకి తీసుకెళ్ళేవారు. ఒక గొడుగు, జేబునిండా అరారూట్ బిస్కెట్లు. చినుకు వదిలేది కాదు. బురదలో నిలబడి ఆ కుక్క ఆకాశం వంక చూసింది, కప్పల వంక చూసింది. ఒక్కసారి మొరిగితే ఒట్టు.

"ఇంటికాడ చెవులు పగలగొడతాది కదండీ! ఇక్కడేటి ముంగిలాగుంది?"

"చేసి చూపించాలేమో. బడిలో పిల్లలకి అలాగే చెప్తాం."

"అయితే సూపించండి. టీచరు మీరు కదా."

త్రిపురసుందరి అటూ ఇటూ చూసి, సన్నగా "భౌ" అంది.

"అది పిల్లికి కూడా ఇనబడదండీ."

ఉక్రోషం వచ్చి గట్టిగా మొరిగింది. తోడుగా లక్ష్మీపతీ మొరిగాడు. ఆ దారినే గొడుగేసుకుని పోతున్న బెంగాలీ పెద్దమనిషి ఆగిపోయి, "దిదిమొణి, కీ హోలో?" అని, టీచరమ్మకి ఏమైందోనని కంగారుగా అడిగాడు. అప్పుడు మొరిగింది టికెట్టు, ఆయన్ని చూసి. పాపం, గొడుగు తిరగబడినా చూసుకోకుండా పరుగెత్తాడాయన.

త్రిపురసుందరి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చేసింది. అమ్మ పోయాక నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు సిగ్గేసింది, అమ్మని మరిచిపోయినట్టు అనిపించింది. లక్ష్మీపతి గొడుగు ఆమె వైపు జరిపి తను తడుస్తూ నిలబడ్డాడు. ఆ పూటే అతనంటే ఇష్టం కలిగింది.

"నోరు ముయ్యి" అంటే టికెట్టు వినేది కాదు. "చుప్" అంటే టక్కున ఆపేది.

"ఝార్‌గ్రామ్ కుక్కండీ, తెలుగేటి తెల్సు దానికి!" అన్నాడు లక్ష్మీపతి.

మొరిగితే బిస్కెట్టు, చుప్ అంటే ఆపినందుకు ఇంకో బిస్కెట్టు. వర్షాకాలం ముదిరేసరికి చదువు ఒంటబట్టింది. పాలవాడు వచ్చినా, పోస్టుమేన్ వచ్చినా, విల్‌ఫ్రెడ్ ఇంటి పిల్లి గోడ మీద నడిచినా టికెట్టు మెడ ఎత్తి చూసి మళ్ళీ పడుకునేది. లక్ష్మీపతి సైకిలు దిగాడంటే మాత్రం ఇల్లెగిరిపోయేలా మొరిగేది. అచ్యుతరావు లేచి యూనిఫాం తొడుక్కుని వచ్చి సంతకం పెట్టేదాకా ఆపేది కాదు. కాల్ ఒక్కటీ తప్పలేదు. లైనంతా మెచ్చుకుంది.

వచ్చిన చిక్కల్లా ఒకటే. ఊళ్ళో ఎవరినీ చూసి మొరగని కుక్క ఆ ఒక్కడిని చూసే మొరుగుతుంది.

ఒక శనివారం లక్ష్మీపతి ఖరిదా బజారులో వేడివేడి పకోడీలు కట్టించుకుని, ఊరికే వచ్చాడు. సైకిలు దిగీ దిగకముందే టికెట్టు లంకించుకుంది. త్రిపురసుందరి బయటికి వచ్చేలోపు అచ్యుతరావు కోటు వేసుకుని, జెండాలు, దీపం ఉన్న పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏ బండిరా బాబూ?"

లక్ష్మీపతి మొహం పాలిపోయింది. "బండి... లేదండి గార్డుబాబుగారూ. ఇటు ఎల్తా ఆగినాను."

అచ్యుతరావు పెట్టె దించాడు. కోటు గుండీలు విప్పుకుంటూ లోపలికి పోయాడు. ఆ పూట మళ్ళీ మంచం ఎక్కలేదు. కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తూ ఉండిపోయాడు. ఆ వీపు చూసేసరికి త్రిపురసుందరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"కాల్ లేకుండా ఈ లైన్లోకి రావద్దు మీరు."

"పకోడీలు..."

"తీసుకుపొండి!"

అతను తీసుకుపోయాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. ఆ తర్వాత పుస్తకం లేకుండా రాలేదు. వచ్చి, "గార్డుబాబుగారూ, కాల్" అనేవాడు. సంతకం తీసుకుని తల వంచుకుని పోయేవాడు. సాయంత్రాలు ఝపటాపూర్ వైపు వెళ్ళడానికి సాకు కూడా లేదు, కుక్క చదువు అయిపోయింది కదా. పొమ్మన్నది తనే. పోయాడని కుమిలిందీ తనే.

శ్రావణమాసం వెళ్ళేలోగా అచ్యుతరావు అన్నం దగ్గర మాట కదిపాడు.

"అమ్మీ, పలాస నుంచి మీ రాజరాజేశ్వరత్త కబురెట్టింది. టెక్కలి కుర్రోడట, బడిపంతులే. వచ్చే ఆదివారం సూడ్డానికొస్తారు."

"నాకొద్దు నాన్నా. మిమ్మల్నెవరు లేపుతారు?"

"టికెట్టు లేదేటి? నువ్వే కదా నేర్పినావు."

తన గొయ్యి తనే తవ్వుకోవడం అంటే ఇదే. తవ్వేటప్పుడు ఇంకొకడు గొడుగు పట్టాడు కూడా.

మర్నాడు ఖరిదా బజారులో, తాటాకు పందిరి కింద వాన ఆగడం కోసం నిలబడి ఉంటే లక్ష్మీపతి కనిపించాడు. ఉన్న సంగతి చెప్పేసింది.

అతను సైకిలు బెల్లు మీద నీళ్ళు తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. "మంచి సంబంధమేనండి."

"అంతేనా?"

"మరేటనమంటారు? నాను కాల్‌మేన్‌ని. నోరిప్పితే మీ నాన్నగారి నిద్ర సెడగొట్టినట్టే."

"కుక్కకి ఎప్పుడు మొరగాలో నేర్పినారు. మీకెవరు నేర్పాల?"

అనేసి వానలోకి నడిచింది. ఇల్లు చేరేదాకా వెనక సైకిలు చప్పుడు వినిపిస్తుందేమోనని చూసింది. వినిపించలేదు.

పెళ్ళిచూపులవారు రావలసిన ముందురోజు. మధ్యాహ్నం. అత్త పంపిన పట్టుచీర మడత విప్పకుండానే త్రిపురసుందరి వసారాలో కూర్చుంది. టికెట్టు ఒక్కసారిగా లేచి మొరగడం మొదలుపెట్టింది.

గేటు దగ్గర లక్ష్మీపతి. నిలువునా తడిసిపోయి ఉన్నాడు. చేతిలో పుస్తకం లేదు.

అచ్యుతరావు కోటుతో, పెట్టెతో వచ్చాడు. "ఏ బండి?"

"బండి లేదండి." లక్ష్మీపతి సైకిలు గోడకి ఆనించాడు. "మీ అమ్మాయిని నాకిమ్మని అడగడానికొచ్చినాను."

టికెట్టు మొరుగుతూనే ఉంది. పక్కింట్లోంచి విల్‌ఫ్రెడ్, "చుప్ కరో రే!" అని అరిచాడు. కుక్క ఆపింది. వాన చప్పుడు మిగిలింది.

అచ్యుతరావు పెట్టె కింద పెట్టి, దాని మీదే కూర్చున్నాడు. కూతురి వైపు తిరిగాడు. "నీకిష్టమేనా అమ్మీ?"

"ఇష్టమే నాన్నా." దాచుకోవడానికి ఇంక ఓపిక లేదు. "కానీ నాకొద్దు. ఈయన రోజూ ఇంట్లో తిరిగే మనిషైతే టికెట్టు ఈయనకి మొరగడం మానేస్తాది. ఏ కాల్‌కో మీరు లేవకపోతే? మళ్ళీ ఆవేళలాగా..."

"ఆవేళ నాను పడుకోలేదు."

"అదేటి నాన్నా?"

"మీ అమ్మ పోయినకాడి నుంచి నాకు నిద్రేదమ్మీ? పగలూ లేదు, రాత్రీ లేదు. నువ్వు బాధపడతావని కళ్ళు మూసుకుని పడుకుంతన్నాను." ఆయన అరచేత్తో మోకాలు రాసుకున్నాడు. "ఆవేళ కాల్ ఇనబడింది. ముసిలోడు పేరెట్టి పిలిసినాడు. మీ అమ్మ వచ్చి భుజం తడతాది, అప్పుడు లేద్దామని సూసినాను. రాలేదు. ఇంక రాదని నాకు తెలిసేసరికి ఆడెల్లిపోనాడు."

ఇన్నాళ్ళూ అడుగు చప్పుడు కాకుండా నడిచి, గిన్నె చప్పుడు కాకుండా తోమి, కుక్క నోరు కట్టి, తను కాపలా కాసింది లేని నిద్రకా? త్రిపురసుందరి వెళ్ళి తండ్రి పక్కన నేల మీద కూలబడింది.

"మరి ఇది మొరిగితే ఎందుకు లేచేవారు?"

"మనిషైతే పిలిసి పిలిసి ఎల్లిపోతాడమ్మీ. ఇది ఎల్లదు కదా."

గేటు అవతల లక్ష్మీపతి కళ్ళు తుడుచుకున్నాడు. వానలో అది ఎవరికీ తెలియదనుకున్నాడు.

అచ్యుతరావు కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. "ఆ బాబు తడిసిపోతన్నాడు. లోపలికి రమ్మని తువ్వాలియ్యి. పలాసకి నాను కబురెడతాను. మీ అత్త గోల సేస్తాది, సెయ్యనీ." గడప దగ్గర ఆగాడు. "చెప్పేసినాక ఒల్లు తేలికైపోనాదమ్మీ. కాసేపు పడుకుంటాను."

లక్ష్మీపతి తువ్వాలు పట్టుకుని వసారా అంచున కూర్చున్నాడు, తల తుడుచుకోవడం మరిచిపోయి. టికెట్టు అతని కాళ్ళు వాసన చూసి, బిస్కెట్టు లేదని తెలుసుకుని, చతికిలబడింది. త్రిపురసుందరి అతనికి జానెడు దూరంలో కూర్చుంది.

కొంతసేపటికి లోపలి గదిలోంచి గురక వినిపించింది. ముందు చిన్నగా, తర్వాత లైనంతా వినబడేంత గట్టిగా. త్రిపురసుందరి లక్ష్మీపతి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇన్నాళ్ళకి పట్టిన నిద్ర చెదిరి ఆ గురక ఆగిపోతుందేమోనని భయపడుతూ విన్నది.